హగరి గాలి, ఎర్ర నేల: ఇసుక మేట దగ్గర మా పనుల డైరీ

2023 ఫిబ్రవరి

మా చేను అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలంలో, వేదవతి నదికి ఈశాన్యపు వైపున ఉంది. కాగితాల మీద ఐదెకరాల పైచిలుకు. అందులో పడమటి భాగం మా మామగారి వయసు కాలంలోనే ఇసుక కిందికి పోయింది. మిగిలిన ఎర్ర నేలలో ప్రతి ఖరీఫ్‌లోనూ వేరుశనగ వేస్తున్నాం. మేట ఏటా కొంత తూర్పుకు జరుగుతోంది కాబట్టి, దాన్ని ఉన్న చోటే ఆపడానికీ, మిగిలిన నేలను నిలుపుకోవడానికీ ఈ ఏడాది నుంచి వరుసగా కొన్ని పనులు చేయాలని నిశ్చయించుకున్నాం. చేసినది చేసినట్టు, ఫలితం కనిపించినది కనిపించినట్టు ఇక్కడ రాసి పెడతాను. మా ఆయన బెంగళూరులో భవన నిర్మాణ పనులకు వెళ్లి ఉన్నందున చేను బాధ్యత నాదీ, మామగారిదీ. బరువు పనులు మాత్రం ఆయన పండుగలకు వచ్చేదాకా ఆగుతాయి.

ముందుగా ఈ ఇసుక ఎక్కడిదో చెప్పాలి. మేము హగరి అని పిలిచే ఈ నది కర్ణాటకలోని బాబాబుడన్ కొండల్లో పుడుతుంది. హిరియూరు దగ్గర 1907లో పూర్తయిన వాణీవిలాస సాగరమూ, మన జిల్లాలోకి వచ్చాక భైరవానితిప్ప ప్రాజెక్టూ ఉన్న కొద్దిపాటి నీటిని పట్టుకుంటాయి. మా దాకా వచ్చేసరికి ఏడాదిలో ఎక్కువ భాగం అది నీరు లేని వెడల్పాటి ఇసుక పరుపే. వాణీవిలాస సాగరం 1933 తర్వాత మళ్లీ నిండి పొర్లింది 2022లోనే. కిందటేడు ఆ వరద చూసి ఊరంతా సంబరపడింది గానీ, నీరు తీశాక ఒడ్డు వెంబడి కొత్త ఇసుక పరుచుకుని ఉంది. వచ్చే ఆషాఢంలో అది ఎటు ప్రయాణం కడుతుందో మాకు తెలుసు.

జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే కురిసి తేలికపడి వస్తాయి. ఈశాన్య రుతుపవనాల వానలకు మేము సముద్రానికి మరీ దూరం. వాన తగ్గినా నైరుతి గాలి మాత్రం తగ్గదు, మే నెలాఖరు నుంచి ఆగస్టు దాకా వీస్తూనే ఉంటుంది. రామగిరి, వజ్రకరూరు వైపు గాలిమరలను తిప్పే గాలీ, మా చేనును కప్పే గాలీ ఒకటే. అక్కడ దానికి యూనిట్ల లెక్కన ధర పలుకుతుంది.

మా మండలంలోనే తుంగభద్ర ఎగువ కాలువ కింద వరి పండే పొలాలు కూడా ఉన్నాయి. మేట మీద నిలబడితే ఒక పక్క ఇసుక దిబ్బలు, మరో పక్క పచ్చటి మడులు కనిపిస్తాయి. బయటి నుంచి వచ్చినవారు దాన్ని వింతగా చూసి ఫొటోలు తీసుకుంటారు. మా చేను కాలువ నీరు ఎక్కని మెరకలో ఉంది, అంతకు మించి అందులో వింతేమీ లేదు.

2023 మార్చి, ఏప్రిల్

పని మొదలుపెట్టే ముందు కొలత పెట్టుకున్నాం. మేట అంచు వెంబడి ఇనుప ఊచలు పాతి, వాటి మీద బెత్తెడు బెత్తెడుకు రంగు గీతలు గీశాం. ఇసుక ఎక్కడ పెరుగుతోందో, ఎక్కడ కోసుకుపోతోందో ఆ గీతలే చెప్పాలి. దుమ్ము పట్టడానికి ఖాళీ నీళ్ల సీసాలకు పక్కన నిలువు చీలిక కోసి, గాలికి ఎదురుగా ఒకే కర్రకు మూడు ఎత్తుల్లో కట్టాం: ఒకటి చీలమండ ఎత్తున, ఒకటి మోకాలి మీద, ఒకటి ఛాతీ ఎత్తున. ఇలాంటి కర్రలు మేట మీద ఒకటి, వేరుశనగ చేను నడుమ ఒకటి, తూర్పు గట్టున ఒకటి నిలిపాం.

ఇసుక అంతా ఒకే తీరుగా కదలదు. మిల్లీమీటరులో పదో వంతు నుంచి సగం దాకా ఉండే రేణువులు గాలికి నేల మీద గెంతుతూ పోతాయి. అవి పడిన చోట మరికొన్నిటిని లేపుతాయి కాబట్టి ఒకసారి మొదలైన కదలిక చేను పొడవునా పెరుగుతూ పోతుంది. అంతకన్నా పెద్ద రేణువులు దొర్లుతాయి. సన్నటి మన్ను మాత్రం పైకి లేచి, ఊరు దాటి, మండలం దాటి పోతుంది. కదిలే ఇసుకలో అధిక భాగం మోకాలి ఎత్తులోపే ఉంటుంది. అందుకే మేటను ఆపడానికి ఎత్తయిన గోడలు అవసరం లేదు, మోకాలెత్తు అడ్డు చాలు.

2023 మే

కంప పాతే పని ఈ నెలంతా సాగింది. రాజస్థాన్‌లో జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ వారు ఇసుక దిబ్బలను నిలపడానికి ఎండు కంపను వరుసలుగా పాతి, వాటి మధ్య గడ్డినీ చెట్లనూ పెంచే పద్ధతిని ఏళ్ల తరబడి వాడుతున్నారు. అదే పద్ధతిని మాకు దొరికే సామగ్రితో చేస్తున్నాం. మా వైపు కంపకు కొరత లేదు, సర్కారు తుమ్మ ఎక్కడ చూసినా ఉంది. ముళ్ల వల్ల చేతులు చీరుకుపోతాయి, కానీ ఆ ముళ్ల కొమ్మలే ఒకదానికొకటి చిక్కుకుని గాలికి ఊడకుండా నిలుస్తాయి.

గాలి నైరుతి నుంచి వస్తుంది కాబట్టి వరుసలను వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వేశాం. మేట నెత్తిన గాలి జోరు ఎక్కువ గనుక అక్కడ రెండు మీటర్లకొక వరుస, దిగువన జోరు తగ్గే చోట ఐదు మీటర్లకొక వరుస. కాలువ తవ్వి, కొమ్మలను మొదలు కిందికి ఉండేలా నిలిపి, మూరెడు లోతున ఇసుక పూడ్చాం. గాలి పక్కలకు తిరిగే రోజుల కోసం, నెత్తిన మాత్రం అడ్డంగా కూడా కొన్ని వరుసలు వేసి గళ్లుగా చేశాం.

ఇంత కష్టం దేనికి, సిమెంటు సంచుల్లో ఇసుక నింపి గోడ కడితే సరిపోదా అని పక్క చేను ఆయన అడిగారు. మా చేను దక్షిణపు గట్టున కూలిన రాతి గోడ ఒకటి ఉంది, దాని దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. గోడకు ముందు కొంత ఇసుక ఆగింది నిజమే. కానీ గాలి గోడ మీది నుంచి దూకి అవతల సుడి తిరగడంతో గోడ వెనుక నేల గుంటగా కోసుకుపోయింది. సగం గాలిని వదిలి సగం గాలిని ఆపే అడ్డు దగ్గర ఆ సుడి పుట్టదు. గాలి నెమ్మదించి, మోసుకొచ్చిన ఇసుకను మెల్లగా దించి పోతుంది. అడ్డు ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదనే నమ్మకం ఊళ్లో చాలామందికి ఉంది. ఈ విషయంలో అది పనికిరాదు.

2023 జూన్, జూలై

గాలులు వచ్చాయి. ఉదయం ఎనిమిదింటికి మొదలై, మధ్యాహ్నం పెచ్చుమీరి, పొద్దుగూకాక తగ్గుతుంది. ఇంట్లో పనులన్నీ ఆ వేళలను బట్టే మారిపోతాయి. వంట తెల్లవారకముందే అయిపోవాలి. సంగటి కుండకు మూత పెట్టి, మూత చుట్టూ తడిగుడ్డ చుట్టాలి. నీళ్ల బిందెలకు గుడ్డ వాసెన కట్టాలి. పడమటి తలుపు సందులకు గోనెసంచులు కుక్కినా, సాయంత్రానికి గడప లోపల వేలితో గీత గీసేంత మన్ను పేరుకుంటుంది. మా అత్తగారికి ఈ రెండు నెలలూ దగ్గు వదలదు. పిల్లల కళ్లు ఎర్రబడితే కంటి కలకో, దుమ్మో తెలియక ఆసుపత్రికి పోవలసి వస్తుంది. ఆవులకు వేసే వేరుశనగ కట్టెను దులిపి దులిపి వేయాలి, లేకుంటే మేతతో పాటు ఇసుక కూడా కడుపులోకి పోతుంది. కరువు అంటే అందరూ ఎండిన చేనునే చూపిస్తారు. ఇంటి లోపల దుమ్ముతో ఆడవాళ్లు చేసే ఈ చాకిరీకి ఏ నష్టపరిహారపు పట్టికలోనూ గడి లేదు.

కంప వరుసలు నిలిచాయి. నెత్తిన ఉన్న వరుసల ముందు ఊచల మీద రెండు గీతలు మునిగేంత ఇసుక చేరింది. దిగువ వరుసల దగ్గర బెత్తెడు కూడా లేదు, అంటే ఇసుక పైనే ఆగిపోతోంది.

ఈ నెలల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది మాత్రం సీసాల్లో కనిపించింది. మేట మీది కర్రకు కట్టిన సీసాల్లో, మేము అనుకున్నట్టే, కింది సీసా తెల్లటి ఏటి ఇసుకతో నిండింది, పై సీసాలో అట్టే లేదు. తూర్పు గట్టున ఉన్న కర్ర దగ్గర తీరు వేరు. అక్కడ కింది సీసాలో ఏటి ఇసుక తక్కువ. ఛాతీ ఎత్తున కట్టిన సీసాలో పసుపు కన్నా మెత్తటి ఎర్ర మన్ను ఉంది. దాన్ని అరచేతిలో పోసి మామగారికి చూపించాను. ఆయన వేళ్లతో నలిపి చూసి, "ఇసుక హగరిదే గానీ, ఈ ఎర్రమన్ను మనదే కదమ్మా" అన్నారు.

తూకానికి అది కొద్దిగానే ఉంటుంది. కానీ నేలలో సారమంతా అంటిపెట్టుకుని ఉండేది ఆ సన్నటి మన్నునే. ఏటి ఇసుక వచ్చి పడితే కంటికి కనిపిస్తుంది, పార పెట్టి ఎత్తిపోయవచ్చు. గాలిలో కలిసి పోయిన మన్నును ఏ పారతో తెచ్చుకోగలం? ఇన్నాళ్లూ మేము పడమటి మేటనే శత్రువుగా చూస్తూ, తూర్పున మా చేను నుంచే లేచిపోతున్న దుమ్ము సంగతి పట్టించుకోలేదు. డైరీ మొదటి పేజీలో రాసుకున్న రెండు ఉద్దేశాల్లో రెండవదే అసలైనదని ఇప్పుడు అనిపిస్తోంది.

జూలైలో ఒక మోస్తరు వాన పడ్డాక మొక్కలు నాటాం. మేటలో పైన జానెడు ఇసుక నిప్పులా కాలుతున్నా, మూరెడు లోతున చెమ్మ ఉంది. పై పొర ఎండిపోయి కింది తేమను ఆవిరి కానివ్వదు. అందుకే గుంతలు లోతుగా తీసి, మొక్క కాండంలో సగం భూమిలోకి పోయేలా నాటాం. కంప వరుసల మధ్య ఏటి గట్టు నుంచి తెచ్చిన రెల్లు పిలకలు, మేట అంచున కిత్తనార, దాని వెనుక కానుగ, వావిలి, ఒక వరుస సరుగుడు.

2023 ఆగస్టు, సెప్టెంబర్

ఆగస్టులో వాన లేదు. దేశం మొత్తానికే 1901 నుంచి ఉన్న లెక్కల్లో ఇంత ఎండిన ఆగస్టు లేదని వాతావరణ శాఖ ప్రకటించింది. వేరుశనగ సరిగ్గా ఊడలు దిగే దశలో ఉంది, ఆ ఊడలు నేలలోకి దిగితేనే కాయ పడుతుంది. నేల పిడచకట్టుకుపోవడంతో దిగిన ఊడలు మట్టిలోకి దూరలేదు. మధ్యాహ్నానికి ఆకులు ముడుచుకోవడం, తెల్లవారేసరికి కొంత విచ్చుకోవడం కొన్నాళ్లు సాగి, తర్వాత తెల్లవారినా విచ్చుకోవడం మానేశాయి.

మొక్కలకు కుండలతో నీళ్లు పెట్టాం. ఒక్కో మొక్క పక్కన పాత మట్టికుండను మెడదాకా పూడ్చి, నింపి, మూత పెడితే నీరు వారం పైగా ఊటలా దిగుతుంది. అయినా సరుగుడు చాలావరకు పోయింది. కానుగ ఆకు రాల్చుకుంది గానీ బతికింది. కిత్తనారకు ఈ ఎండ ఒక లెక్క కాదు. అన్నిటికన్నా బాగా పట్టుకున్నది రెల్లు, దానికి కుండ కూడా పెట్టలేదు.

2023 నవంబర్, డిసెంబర్

రాష్ట్రంలో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. అందులో మన అనంతపురం జిల్లావే 28. పంట పోయిన రైతులకు ఇచ్చే పెట్టుబడి రాయితీ ఎప్పుడొస్తుందన్నది ఊళ్లో ప్రధాన చర్చ. 2011 నుంచి 2018 దాకా ఇంచుమించు ఏటా ఇదే చర్చ నడిచింది. చాలా ఇళ్లకు అప్పుడే తాళాలు పడి, బెంగళూరు బస్సు దారి అలవాటైంది. మామగారి తరం వారు పెద్ద కరువు ఏది వచ్చినా 1876 నాటి ధాత కరువుతో పోల్చి, "ఇప్పుడు ఆకలి చావులు లేవు కదా" అని ఊరడించుకుంటారు. ఆ పోలికతో ఊరట పొందే ఓపిక నాకు లేదు.

పంట తీసేటప్పుడు ఒక విషయం గమనించాం. వేరుశనగను కోయం, వేరుతో సహా పీకుతాం. కాయ ఇంటికి, కట్టె వామికి పోతాయి. చేనులో మొడి (కోశాక మిగిలే మొదలు) కూడా మిగలదు, పైగా పీకడం వల్ల నేల గుల్లబారి ఉంటుంది. ఆ తర్వాత వేసవిలో ట్రాక్టరు పెట్టి దున్నితే, మే నెల గాలికి చేను మొత్తం విప్పి పెట్టినట్టే. వేసవి దుక్కి మంచిదని అందరూ చెబుతారు. నల్లరేగడిలో పెద్ద పెద్ద పెళ్లలు లేచి గాలిని అడ్డుకుంటాయి కాబట్టి అక్కడ అది నిజం. మా తేలిక ఎర్ర నేలలో పెళ్ల లేవదు, పొడి లేస్తుంది.

1930లలో అమెరికా మధ్య మైదానాల్లో జరిగినదీ దాదాపు ఇదే. గోధుమ కోసం గడ్డి నేలలను దున్నేశారు. వరుసగా కరువులు వచ్చాక ఆ నేల దుమ్మై లేచింది. 1935 ఏప్రిల్ 14న వచ్చిన తుఫాను పట్టపగటిని చీకటి చేసింది. అక్కడి ప్రభుత్వం 1934 నుంచి 1942 వరకు 22 కోట్ల చెట్లు నాటించింది. దానితో పాటు, పంట మోళ్లను నేల మీదే వదలడం, గాలికి అడ్డంగా పట్టీలుగా పంట వేయడం రైతులకు నేర్పింది. మా దగ్గర ఆ డబ్బూ లేదు, ఆ యంత్రాంగమూ లేదు. మొడి వదలడానికి మాత్రం డబ్బు అక్కర్లేదు.

వేరుశనగలో అంతరపంటగా వేసిన కంది ఇంకా చేనులో ఉంది. దాన్ని మొదలంటా నరకకుండా మోకాలెత్తున కోసి, మోళ్లను నిలిపి ఉంచుదామని నా ఆలోచన. కంది కట్టె పొయ్యికి కావాలని అత్తగారి అభ్యంతరం, అది న్యాయమైనదే. వరుస విడిచి వరుస ఉంచడానికి ఇద్దరం ఒప్పుకున్నాం.

2024 ఏప్రిల్, మే

వేసవి దుక్కి మానేశాం. చాలా ఏళ్ల తర్వాత మా చేనులోకి మే నెలలో ట్రాక్టరు రాలేదు, ఊళ్లో కొందరు డబ్బు లేక మానుకున్నామనుకున్నారు.

దాని బదులు వానలకు ముందే నవధాన్యాలు విత్తాం. ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు మన జిల్లాలో కొన్నేళ్లుగా అనుసరిస్తున్న పద్ధతి ఇది. ఉలవ, అలసంద, పెసర, అనప, సజ్జ, జొన్న, కొర్ర, నువ్వు, గోగు గింజలకు బంకమట్టి, ఘనజీవామృతం (ఆవు పేడతో చేసే పొడి ఎరువు), బూడిద పట్టించి, ఆరబెట్టి, ఎండు నేలలోనే విత్తాలి. పూత ఉన్నందున చీమలూ పిట్టలూ గింజ జోలికి అంతగా రావు, చిరుజల్లుకే తొందరపడి మొలక వచ్చి మాడిపోవడమూ తక్కువ. గుంటక కూడా తోలకుండా, గొర్రుతో గాలికి అడ్డంగా సాళ్లు గీసి విత్తాం. లోతు తక్కువ కాబట్టి గింజ మీద పాత వేరుశనగ పొట్టు చల్లాం.

ఈ పంట గింజల కోసం కాదు. జూన్ గాలి వచ్చే నాటికి నేల మీద ఏదో ఒక ఆకు ఉండాలి, అంతే. మిగిలితే పశువుల మేత.

2024 జూన్, జూలై

ఈసారి రుతుపవనాలు జూన్ మొదట్లోనే రాయలసీమకు వచ్చాయి. మే చివరి జల్లులకే లేచిన అలసంద, ఉలవ తీగలు గాలి ముదిరేనాటికి జానెడు పరుచుకున్నాయి. చేనులో సగానికి మాత్రమే విత్తనం సరిపోయింది, అది ఒక విధంగా మేలైంది. విత్తిన సగం, విత్తని సగం పక్కపక్కనే ఉన్నందున సీసాలను రెండింటి అంచున పెట్టి పోల్చగలిగాం. విత్తని సగం అంచున ఛాతీ ఎత్తు సీసాలో కిందటేటి లాగే ఎర్ర మన్ను పేరుకుంది. విత్తిన సగం అంచున అడుగున పలచటి పొర తప్ప ఏమీ లేదు. వాన కాస్త మేలుగా పడిన ఏడాది ఇది, కాబట్టి ఘనత అంతా నవధాన్యాలదే అనడం లేదు. కానీ వాన రెండు సగాల మీదా ఒకేలా పడింది.

మేట మీద పాత కంప చాలా చోట్ల ఇసుకలో మునిగిపోయింది. పని అయిందనడానికి అదే గుర్తు, దాని మీద కొత్త వరుస పాతాలి. రెల్లు పిలకలు దుబ్బులై వేళ్లతో ఇసుకను పట్టేశాయి.

గొర్రెల మందల విషయం ఒక కొలిక్కి వచ్చింది. కాపరులు తరతరాలుగా మా మేట మీది నుంచే ఏటికి పోతారు. మేము నాటిన చోట కంచె వేస్తే వారికి దారి పోతుంది, వేయకపోతే మేము నాటినవి మిగలవు. దక్షిణపు గట్టు వెంబడి బండి పట్టేంత దారి వదిలాం. బదులుగా కోతల తర్వాత వారు మా తూర్పు చేనులో మంద కడతారు. ఎరువు కొనే ఖర్చు తగ్గుతుంది. మంద నిలిచే రాత్రులు ఎన్ని అన్నది ఇంకా బేరంలోనే ఉంది.

2024 అక్టోబర్

పనిలో ఇప్పుడున్న చిక్కు మా గట్టు అవతలిది. చెట్ల వరుస తన ఎత్తుకు పది నుంచి ఇరవై రెట్ల దూరం దాకా గాలి జోరును తగ్గిస్తుంది. అంటే కానుగలు నిలువెత్తు మీద నిలువెత్తు పెరిగినా ఆ నీడ మా చేను దాటి ఎంతో దూరం పోదు. వరుస చివర్లలో గాలి పక్క నుంచి తిరిగి మరింత జోరుగా వస్తుంది. కాబట్టి ఒక్క చేనులో వేసిన అడ్డుకు ప్రయోజనం సగమే. మా ఉత్తరాన ఉన్న మూడు చేలలో కూడా అదే వరుస కొనసాగాలి.

వాటిలో రెండింటి యజమానులు ఊళ్లోనే ఉన్నారు, వచ్చే జూలైలో నాటడానికి ఒప్పుకున్నారు. నడుమ చేను మాత్రం కౌలులో ఉంది. యజమాని బళ్లారిలో స్థిరపడ్డారు, కౌలు ఏటికేడు నోటి మాట మీద నడుస్తుంది. ఎదగడానికి ఐదేళ్లు పట్టే చెట్టును, వచ్చే ఉగాదికి ఉంటాడో లేదో తెలియని కౌలుదారు ఎందుకు నాటుతాడు? ఈ ప్రాంతంలో చెట్ల పట్టీల గురించి మాట్లాడేవారు ముందుగా ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలని నా అభిప్రాయం. ఆ కౌలుదారుతో మాట్లాడితే చెట్లు కాదు గానీ, పడమటి అంచున పదిహేను సాళ్ల జొన్న వేసి, కంకి మాత్రం కోసి, దంటును మార్చి దాకా కాక జూలై దాకా నిలిపి ఉంచుతానన్నారు. ఆ దంటు ఆయన ఎద్దులకు మేత కాబట్టి, దానికి సరిపడా మేత మా నవధాన్యాల చేను నుంచి ఇవ్వాలి. మామగారు సరే అన్నారు.

వచ్చే ఏడాది విత్తనానికి ఉలవ, అలసంద మా చేనులోవే తీసి బూడిద కలిపి ఉంచాం. సజ్జ, కొర్ర బయట కొనాలి. దీపావళికి మా ఆయన వస్తారు, అప్పుడు మేట నెత్తిన రెండో విడత కంప వేయాలి. దానికి కావలసిన సర్కారు తుమ్మ ఏటి గట్టున కొట్టి ఆరబెట్టే పని సోమవారం నుంచి మొదలు.